ఇనుముకు ఎంగిలి లేదు

ఆ వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఒకరింట్లో పాలు మాడితే వీధి చివర ఇంటివాళ్ళు పరామర్శకు వస్తారు. అలాంటి చోట, పొద్దున్నించి సాయంత్రం దాకా నోట్లో ఇరవయ్యేసి మేకులు పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా బతికే మనిషి ఒకావిడ ఉంది. కుర్చీలకూ సోఫాలకూ గుడ్డ వేయడం ఆవిడ పని. అసలు పేరు కాగితాల మీద ఉంటే ఉండవచ్చు, వీధికి మాత్రం ఆవిడ మేకులమ్మ.

ఆ పని చూడని వాళ్ళకు నోట్లో మేకులేమిటని అనుమానం రావచ్చు. ఎడం చెయ్యి గుడ్డను బిగలాగి పట్టుకోవాలి, కుడి చెయ్యి సుత్తి పట్టుకోవాలి. మేకు అందించడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు కాబట్టి నోరే ఆ పని చేస్తుంది. బుగ్గలో దాచిన నల్లటి చిన్న మేకుల్లోంచి నాలుక ఒకదాన్ని వెతికి, తల బయటికి వచ్చేలా తిప్పి, పెదవుల మధ్యకు తోస్తుంది. సుత్తికి ఒక పక్క అయస్కాంతం. దాన్ని పెదవులకు ఆనించగానే మేకు అంటుకుంటుంది. ఇక ఒక్కటే దెబ్బ. మేకులమ్మ పని చేస్తుంటే చూసేవాళ్ళకు ఆవిడ సుత్తికి ముద్దులు పెడుతున్నట్టు ఉండేది.

"మీ అత్త నోట్లో మేకులున్నంతసేపూ నీ అంత అదృష్టవంతురాలు లేదే" అని ఎదురింటావిడ కోడలిని ఆటపట్టించేది. కోడలు నవ్వేది, కానీ జవాబు చెప్పేది కాదు. అప్పటికి ఆమె నోట్లో కూడా మేకులే.

ఈ విద్య మేకులమ్మకు ఆవిడ అన్నయ్య నేర్పాడు. మేకుల డబ్బా కూడా ఆయనదే. రంగు పోయి, మూత సొట్టబోయిన గుండ్రటి రేకు డబ్బా. పని ఆపేటప్పుడు నోట్లో మిగిలిన మేకుల్ని మళ్ళీ అందులోకే ఉమ్మేవాళ్ళు. మర్నాడు ఎవరు ముందు వస్తే వాళ్ళు అదే డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకునేవాళ్ళు. అదేం పని అని ఎవరైనా ముఖం చిట్లిస్తే అన్నయ్య నవ్వి, "ఇనుముకు ఎంగిలి లేదమ్మా" అనేవాడు. ఆయన నోట్లో మేకులు లేనప్పుడు సిగరెట్టు ఉండేది. నోరు ఖాళీగా ఉంచడం ఆయనకు చేతకాదు.

కొట్టులో పనికి వచ్చిపోయే వాళ్ళకు మేకుల పొట్లాం విడిగా ఇచ్చేవారు. డబ్బాలో చెయ్యి పెట్టనిచ్చారంటే ఆ మనిషి ఇంటిమనిషి అయినట్టు లెక్క. అన్నయ్య తరవాత చెల్లెలు. చెల్లెలి తరవాత, నాలుగేళ్ళ కిందట, కోడలు. పెళ్ళయిన రెండో నెలలో ఆమెను కొట్టులో కూర్చోబెట్టి మేకులమ్మ డబ్బా ముందుకు జరిపింది.

"మింగితేనో అత్తయ్యా?" అంది కోడలు భయంగా.

"మింగితే రేప్పొద్దున అదే బయటికొస్తుంది. అరిగేది కాదుగా."

ఆ రోజంతా ఇద్దరూ తలుచుకుని తలుచుకుని నవ్వారు. కొడుకు లారీ మీద తిరిగేవాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి ఆ ఇంట్లో అసలు కాపురం అత్తాకోడళ్ళదే. కింద కొట్టు, పైన రెండు గదులు. పొద్దున టీ ఒకే గ్లాసులో పోసుకుని చెరి సగం తాగేవాళ్ళు. ఆ నాలుగేళ్ళలో మేకులమ్మకు కొత్తగా మనసు కుదుటపడింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆవిడ నాలుక మేకు కోసం వెతుకుతూ ఇంకేదో తగిలి ఆగింది.

కింది పెదవి లోపల చిన్న బుడిపె. మెత్తగా ఉంది. మేకు గుచ్చుకుని వాచిందేమోలే అనుకుంది. నాలుక ఊరుకుంటుందా? పక్కకు జరిగి ఇంకొకటి పట్టుకుంది. మేకులన్నీ చేతిలోకి ఉమ్మేసి పైకి వెళ్ళి, తలుపు వేసుకుని, అద్దం ముందు పెదవి తిప్పి చూసుకుంది. పెదవి లోపల అయిదు. బుగ్గలో మూడు. నాలుక అంచున రెండు. చర్మం రంగులోనే ఉన్నాయి. పెదవిని గట్టిగా లాగితే చదునై దాదాపు కనబడకుండా పోతున్నాయి, వదిలితే మళ్ళీ లేస్తున్నాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆవిడ గుండెల్లో రాయి వేసింది. అన్నయ్యకూ మొదట్లో నొప్పి లేదు.

అన్నయ్య పోయి పదకొండేళ్ళు. నాలుక పక్కన మానని పుండు. ఏడాది తిరక్కుండా మనిషిని తినేసింది. చివరి నెలల్లో మాట పోయింది. ఒకరోజు సైగ చేసి డబ్బా తెప్పించుకుని, చెల్లెలి చేతిలో పెట్టి, ఆ చేతిని మూసాడు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట, మేకుల తుప్పే ఆయన్ని పొట్టన పెట్టుకుందని. అప్పుడు ఆవిడ వాళ్ళ మీద అగ్గి మీద గుగ్గిలంలా మండిపడింది. అన్నయ్య డబ్బాను తప్పు పడతారా అని. ఇప్పుడు అద్దం ముందు నిలబడితే ఆ మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి.

తన సంగతి సరే. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, బతికినంత బతికింది. కానీ ఆ డబ్బాలో నాలుగేళ్ళుగా చెయ్యి పెడుతున్నది ఇంకొకతె ఉంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. పిలిచి, కూర్చోబెట్టి, డబ్బా ముందుకు జరిపింది తనే.

మంచం మీద కూర్చుని ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని, బజారుకు వెళ్ళి, కొత్త డబ్బా, కొత్త మేకులు కొనుక్కొచ్చి కోడలి బల్ల మీద పెట్టింది.

"ఇకనించి నీ మేకులు ఇందులో. పాత డబ్బా జోలికి రాకు."

కోడలి చెయ్యి అప్పటికే పాత డబ్బా మీద ఉంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. "ఏమైంది అత్తయ్యా?"

"ఏం కాలేదు. చెప్పింది చెయ్యి."

"నేనేమన్నా..."

"చెప్పానుగా!"

కోడలి మొహం తెల్లబోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కొంగుతో నోరు తుడుచుకుని, కొత్త డబ్బా మూత తీసింది. ఆమె నోరు అలా ఎందుకు తుడుచుకుందో మేకులమ్మ ఆలోచించలేదు. తన భయంలో తను మునిగి ఉంది.

మర్నాటి నుంచి టీ గ్లాసులు రెండయ్యాయి. కంచాలు, చెంచాలు వేరయ్యాయి. కోడలు మంచినీళ్ళ చెంబు అందుకోబోతే మేకులమ్మ ముందుగా లాక్కునేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చెబితే ఏమవుతుంది? కోడలు భయపడుతుంది, కొడుకు లారీ వదిలేసి వస్తాడు, వీధి మొత్తం గుమ్మంలో కూర్చుంటుంది. చేతిలో ఒక సభా మందిరం కుర్చీల పని ఉంది. నూట ఇరవై కుర్చీలు, మీగడ రంగు గుడ్డ, నెల గడువు. ఆ పని అయిపోనీ, అప్పుడు డాక్టరు అనుకుంది. నిజానికి ఆవిడకు కుర్చీల బెంగ లేదు. డాక్టరు నోటి నుంచి ఆ మాట వినడానికి ధైర్యం చాల్లేదు, అంతే. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని మేకులు కొడుతూ, కొట్టినంతసేపూ కోడలి నోటి వైపే చూసేది. నవ్వినప్పుడు పెదవి లోపల కనబడుతుందేమోనని. కానీ కోడలు నవ్వడం మానేసింది.

పన్నెండో రోజున కోడలు కుర్చీకి నవారు బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఊరి బయట సోఫాల ఫ్యాక్టరీ పెట్టారట. అక్కడ మేకులు నోట్లో పెట్టుకోనక్కర్లేదు. గాలితో కొట్టే మిషనుంటుంది. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు."

మేకులమ్మ నోట్లో మేకులున్నాయి. వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. తొందరేం పడలేదు.

"వెళ్ళు" అంది.

కోడలు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. ఇంకో మాట వస్తుందేమోనని ఎదురు చూసింది. రాలేదు.

ఆ వారం కొడుకు ఇంటికి వచ్చాడు. వండిన కూర ఒకటే, తినే మనుషులు మాత్రం మూడు మూలల్లో. "మీ ఇద్దరికీ ఏమొచ్చిందే అమ్మా?" అన్నాడు. తల్లి "మాకేమొచ్చింది, బానే ఉన్నాం" అంది. పెళ్ళాన్ని అడిగితే "మీ అమ్మనే అడుగు" అంది. అడకత్తెరలో పోకచెక్కలా రెండు రోజులు నలిగి, అనుకున్న దానికంటే పూట ముందే లారీ ఎక్కేశాడు. లారీకి నోరు లేదు కాబట్టి అదే నయమనిపించి ఉంటుంది.

తొంభై ఒకటో కుర్చీ దగ్గర వచ్చింది గండం. మేకులమ్మ నాలుక ఈ మధ్య మేకుల్ని కాదు, బుడిపెల్నే లెక్కపెడుతోంది. ఆ ధ్యాసలో ఒక మేకు అడ్డం తిరిగి, పెదవి లోపలి బుడిపెలోకి దిగింది. ఆవిడ అరవలేదు. ఆవిడ నోట్లోంచి మీగడ రంగు గుడ్డ మీదకు టప్‌మని రక్తపు చుక్క పడింది. తరవాత ఇంకొకటి.

కోడలు సుత్తి పారేసి వచ్చి గడ్డం పట్టుకుంది. "నోరు తెరవండి."

"పో అవతలికి! ముట్టుకోకు నన్ను!"

ఆ అరుపుకు ఎదురింటావిడ కూడా గుమ్మంలోకి వచ్చింది. మేకులమ్మ రెండు చేతులతో నోరు కప్పుకుని గోడకు జరిగింది. కోడలు వెనక్కి తగ్గలేదు. ఆ చేతుల్ని పట్టి కిందికి దించి, పెదవి తిప్పి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎప్పటి నుంచి?" అంది.

మేకులమ్మ కొంగుతో పెదవి నొక్కుకుంది.

"పదండి డాక్టరు దగ్గరికి. కుర్చీలూ వద్దు, ఏమీ వద్దు. లేవండి."

ఆ గొంతులో అధికారం కొత్తది. మేకులమ్మ లేచింది.

ఆసుపత్రిలో బల్ల మీద కూర్చుని గంటసేపు. పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో జానెడు ఖాళీ. మేకులమ్మ గోడ మీది ఊడిన రంగును చూస్తూ కూర్చుంది. కోడలు కొంగు చివరను వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నోట్లో లైటు వేసి, పెదవిని లాగి, వదిలి, మళ్ళీ లాగి చూసింది. వేలితో ఒక్కో బుడిపెనూ నొక్కింది. పొగాకు అలవాటుందా అని అడిగింది. లేదంది మేకులమ్మ. ఇంట్లో ఎవరికైనా నోటి జబ్బు ఉండేదా అని అడిగింది.

"మా అన్నయ్యకి. క్యాన్సరు. ఈ మేకుల వల్లే..." అంటూ ఆవిడ డబ్బా సంగతంతా చెప్పేసింది. ఇన్నాళ్ళూ ఆపిన మాటలు గట్టు తెగినట్టు వచ్చాయి.

"ఆయన సిగరెట్లు కాల్చేవారా?"

"రోజుకి రెండు పెట్టెలు."

డాక్టరమ్మ ఆ విషయం ఏదో రాసుకుంది. "ఇప్పుడు బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ డబ్బా వాడేవాళ్ళలో, మీ గ్లాసులో తాగేవాళ్ళలో, ఇలాంటి బుడిపెలు ఇంకెవరికైనా ఉన్నాయా?"

"లేవమ్మా. ఎవరికీ లేవు" అంది మేకులమ్మ గబగబా. అది జవాబు కాదు, ప్రార్థన.

"నాకున్నాయి" అంది వెనక నుంచి కోడలు.

మేకులమ్మ తల తిప్పింది. కోడలు ముందుకు వచ్చి, కింది పెదవిని తనే తిప్పి పట్టుకుంది. మెత్తటివి, చర్మం రంగువి, అవే. ఒకటీ రెండూ కాదు.

"అయ్యో, నా తల్లీ! నేనే ఇచ్చాను నీకు! నా చేత్తో నేనే..." మేకులమ్మ కుర్చీలోంచి లేవబోయింది. డాక్టరమ్మ ఆవిడ భుజం పట్టుకుని, కోడలి వైపు తిరిగి అడిగింది, ఎప్పటి నుంచి అని.

"నా చిన్నప్పటి నుంచీ. వస్తుంటాయి, పోతుంటాయి. మా అమ్మకీ ఉన్నాయి, మా పెద్దమ్మకీ ఉన్నాయి. మా అమ్మకి అరవై దాటాయి. రాయిలా ఉంది."

మేకులమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"పుట్టింటి నుంచి రోగం తెచ్చానంటారని." కోడలు మళ్ళీ కొంగుతో నోరు తుడుచుకుంది. "పెళ్ళప్పుడు అమ్మ చెప్పొద్దంది. ఆ రోజు మీరు డబ్బా వేరు చేశారు చూశారా, నా నోరు చూసేశారనుకున్నాను. అసహ్యం వేసి వేరు పెట్టారనుకున్నాను. మీకూ అంటుకుందని నాకేం తెలుసు? ఇవాళ చూసేదాకా తెలియదు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. ఇది పులిపిర్ల జాతి వైరసు వల్ల వచ్చేదిలా ఉందని, ఎంగిలి కలిసే చోట కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని, హాని చేసేది కాదని, చాలామందికి దానంతట అదే పోతుందని. "నా కంటికి అలాగే ఉంది. కానీ మీ అన్నయ్యగారి సంగతి విన్నాక, ముక్క తీసి పరీక్ష చేయించకుండా మాట ఇవ్వను. తొమ్మిది రోజులు పడుతుంది."

తొమ్మిది రోజులని డాక్టరమ్మ సులువుగానే అంది. అవి గడిచిన తీరు వీళ్ళకే తెలుసు. కోడలి బుడిపెలు మంచివే అయి ఉండొచ్చు, అరవై ఏళ్ళ తల్లి సాక్ష్యం ఉంది. మేకులమ్మవి మాత్రం ఏ జాతివో ఎవరు చెప్పగలరు? అదే చర్మం కింద అన్నయ్య పుండు కూడా నక్కి ఉంటేనో? పగలంతా ఇద్దరూ కుర్చీల ముందు కూర్చునేవారు. మేకులు నోట్లో పెట్టుకోవద్దని డాక్టరమ్మ కట్టడి. అరచేతిలోంచి తీసి కొట్టడం ఇద్దరికీ రాదు. మేకులు జారేవి, సుత్తి వేలి మీద పడేది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మేకులమ్మ మొదటి రోజు పిల్లలా బొటనవేలు నోట్లో పెట్టుకునేది. ఫోను మోగితే ఇద్దరి సుత్తులూ గాల్లోనే ఆగేవి. నిజం చెప్పాలంటే కోడలే ఎక్కువ బెదిరిపోయింది. వస్తువులు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది. ఒకరోజు గుడ్డ తలకిందులుగా కత్తిరించి, కత్తెర పట్టుకునే ఏడ్చింది. పాత డబ్బా అల్మారా మీద మూత పెట్టి ఉంది. ఇద్దరూ దానివైపు చూసేవారు కాదు.

తొమ్మిదో రోజు ఇద్దరూ కలిసే వెళ్ళారు. డాక్టరమ్మ కాగితం తిప్పకుండానే, వీళ్ళ మొహాలు చూడగానే చెప్పేసింది. అది ఆ వైరసే. క్యాన్సరు జాడ లేదు. మందు కూడా అక్కర్లేదు. నోట్లో మేకులు పెట్టుకునే పని మానేస్తే మంచిది, మానలేకపోతే ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి గ్లాసు వాళ్ళది. ఏడాదికోసారి చూపించుకోవాలి.

మేకులమ్మ దండం పెట్టింది. బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోడలు పక్కన కూర్చుంది. ఈసారి మధ్యలో జానెడు ఖాళీ లేదు.

"ఒక్క మాట అడిగుంటే పోయేదిగా అత్తయ్యా" అంది చివరికి.

"నువ్వు ఒక్క మాట చెప్పినా పోయేదిగా."

ఇద్దరివీ నోళ్ళే. ఒకదానికి ఒకటి అరగజం దూరంలో, నాలుగేళ్ళు, ఒకే కొట్టులో.

కొట్టుకు వచ్చాక మేకులమ్మ పాత డబ్బా దించింది. మేకులన్నీ పారబోసి, డబ్బాను మరిగే నీళ్ళలో వేసి తోమి, తుడిచి, కొత్త మేకులు నింపింది. తీసుకెళ్ళి కోడలి బల్ల మీద పెట్టి, అక్కడున్న కొత్త డబ్బాను తన వైపు జరుపుకుంది.

"ఇనుముకి ఎంగిలి ఉందట. మా అన్నయ్యకి తెలియదు, పాపం. ఇది నీది. ఇది నాది."

కోడలు సొట్ట మూత మీద చెయ్యి వేసింది కానీ తెరవలేదు. చెయ్యి అలాగే ఉంచి అడిగింది.

"ఆ రోజు ఫ్యాక్టరీకి వెళ్తానంటే ఒక్క మాటైనా వద్దనలేదు మీరు. వెళ్ళు అన్నారు. మీరు ఆపుతారేమోనని ఆ రోజంతా చూశాను. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది."

మేకులమ్మ తొంభై ఒకటో కుర్చీ ముందుకు లాక్కుంది. రక్తపు మరక పడ్డ గుడ్డను పట్టి ఒక్క గుంజు గుంజింది. మేకులు ఊడి నేల మీద గలగలమన్నాయి.

"వెళ్తే బతుకుతావనుకున్నానే" అంది.

కోడలు లేచి వెళ్ళి, ఫ్యాక్టరీ వాళ్ళకు ఫోను చేసి, తను రావడం లేదని చెప్పింది.